క్యాంపు సూది

పోర్ట్ బ్లెయిర్ పక్కన బ్రూక్షాబాద్‌లో బంగారురాజు ఇల్లెక్కడని అడిగితే, "చెవిటి గణేష్ వాళ్ళిల్లా?" అని ఎదురు అడిగి మరీ చూపిస్తారు. అంతటితో ఊరుకుంటారా, ఊరుకోరు. వాడికి చెవులెలా పోయాయో కూడా చెబుతారు. సునామీ క్యాంపులో వాళ్ళమ్మ సూది వేయించిందనీ, ఆ మందుకి చెవి నరం చచ్చిపోయిందనీ, అత్తగారు వద్దువద్దంటున్నా వినలేదనీ. ఈ చెప్పేవాళ్ళలో సగం మంది అప్పటికి పుట్టి కూడా ఉండరు. అయినా కళ్ళారా చూసినట్టే చెబుతారు.

నిజంగా కళ్ళారా చూసిన మనిషి ఒకతె ఉంది. ఆమె బంగారురాజు పెద్ద కూతురు కళ్యాణి. అప్పుడు ఆమెకు పన్నెండేళ్ళు.

అల వచ్చి వండూర్‌లో వాళ్ళ ఇంటిని తుడిచిపెట్టేసింది. బంగారురాజు వేటకి వెళ్ళే చిన్న పడవ, డింగీ, కొబ్బరిచెట్ల మధ్య ఇరుక్కుని రెండు ముక్కలై కనిపించింది. కుటుంబమంతా ఒక స్కూల్లో పెట్టిన క్యాంపులో చేరారు. నాలుగో రోజున ఆరు నెలల గణేష్‌కి జ్వరం పట్టుకుంది. బంగారురాజు తల్లి ముసలమ్మ సూదులొద్దంది. పసిగుడ్డు తట్టుకోలేడు, వాము కాచి పడదామంది. గణేష్ తల్లి చిన్నమ్మి వినలేదు. అత్తగారు కునుకు తీసే వేళ చూసుకుని, బిడ్డనెత్తుకుని డాక్టరు ముందున్న వరసలో నిలబడింది. పాలసీసా పట్టుకుని పక్కన నిలబడింది కళ్యాణి. అలా ఐదు రోజులు, ఐదు సూదులు. జ్వరం తగ్గింది, బిడ్డ దక్కాడు.

మార్చి నెలలో, బ్రూక్షాబాద్‌లో సర్కారు వేసిన రేకుల షెడ్డులో ఉంటున్నప్పుడు, ఇత్తడి బిందె ఒకటి జారి పడింది. అందరూ ఉలిక్కిపడ్డారు. గణేష్ మాత్రం కాలి బొటనవేలితో ఆడుకుంటూనే ఉన్నాడు. ముసలమ్మ కోడలి వంక చూసింది. ఇక ఆ చూపు పక్కకి తిప్పుకోలేదు, పద్నాలుగేళ్ళ పాటు, తను పోయేదాకా.

"అలకి ముందు ఆడు వినేవోడు. నాను పిలిస్తే నవ్వేవోడు" అనేది. ఆరు నెలల పిల్లడు నాన్నమ్మ మొహం చూసి నవ్వక ఏంచేస్తాడని అడిగినవాడు లేడు. ఆ దీవుల్లో చెడిపోయిన ప్రతిదానికీ రెండే కాలాలు, అలకి ముందు, అలకి తరవాత. మడిలో ఉప్పు చేరినా, మోకాలు నొప్పెట్టినా, మొగుడు తాగుడు మొదలెట్టినా అల తరవాతే. గణేష్ చెవులూ అందులోనే కలిసిపోయాయి.

చిన్నమ్మికి ముసలమ్మ పరాయి అత్త కాదు, సొంత మేనత్త. తండ్రికి తోడబుట్టినది. మేనత్తే అత్తగారైతే నోరు మెత్తగా ఉంటుందనుకుంటారు గానీ, ఎత్తుకుని పెంచినవాళ్ళకి ఎత్తిపొడిచే హక్కు కూడా ఎక్కువే. పెళ్ళి భోజనాల్లోనూ, ఆస్పత్రి బెంచీ మీదా, బస్సులోనూ, పక్కన ఎవరు కూచుంటే వాళ్ళకి చెప్పేది, "నా మనవడి చెవులు తినేసింది ఇది" అని. చిన్నమ్మి ఎన్నడూ ఎదురు చెప్పలేదు. ఏమని చెబుతుంది? తను కూడా అదే నమ్మింది.

కళ్యాణి కూడా నమ్మింది. కొంప మునిగింది ఇక్కడే.

కళ్యాణి బాగా చదివేది. ఓడలో మూడు రోజులు వాంతులు చేసుకుంటూ వైజాగ్ చేరి, అక్కడ డిగ్రీ, పీజీ చేసి, హైదరాబాద్‌లో ఒక ల్యాబులో పీహెచ్‌డీకి చేరింది. ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళూ ఒక్క ప్రోటీన్ మీదే. దాని పేరు మైయోసిన్ సిక్స్.

సెలవులకి ఇంటికొచ్చినప్పుడు తండ్రి అడిగాడు, ఏం చదువుతున్నావమ్మా అని. ఆమె ఓపిగ్గా చెప్పింది. "మన ఒంట్లో ప్రతి కణంలోనూ నడిమధ్యన ఒక గది ఉంటుంది నాన్నా, కేంద్రకం అంటారు. అందులో డీఎన్ఏ ఉంటుంది. ఒంటికి కావలసినవన్నీ ఎలా తయారుచెయ్యాలో దానిలో రాసి ఉంటుంది. దాన్ని గది దాటి పోనివ్వరు. పాలిమరేజ్ అని ఒక యంత్రం కావలసిన చోటికి వచ్చి, అక్కడున్నది నకలు తీసి పంపుతుంది. మా ప్రోటీన్ మోటారు జాతిది. కండలు లాగేవీ, కణంలో సామాన్లు మోసేవీ దాని చుట్టాలే. అలాంటివి కేంద్రకంలోకి కూడా వెళ్ళి పనిచేస్తాయంటే చాలాకాలం ఎవరూ నమ్మలేదు."

"మోటారంటే తిరగాలి గదమ్మా. ఆ గదిలో అదెక్కడికెల్తది?" అన్నాడు బంగారురాజు.

"బయట నడుస్తుంది. లోపల మాత్రం లంగరు వేసినట్టు పాలిమరేజ్‌ని పట్టుకుని నిలబెడుతుంది. చేపలున్న చోట డింగీ కొట్టుకుపోకుండా ఉంటేనే కదా పని అయ్యేది."

బంగారురాజుకి అది చాలు. మా అమ్మాయి లంగరు మీద పీహెచ్‌డీ చేస్తోందని జెట్టీలో కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

ల్యాబులో ఆమె పనంతా చీకటిగదిలో, మైక్రోస్కోపు ముందు. పాలిమరేజ్‌కి ఆకుపచ్చగా వెలిగే తోక తగిలిస్తే, అది కేంద్రకంలో గుంపులుగా చేరిన చోటల్లా చుక్కలు కనిపిస్తాయి. మైయోసిన్ సిక్స్‌ని పనిచేయనివ్వని మందు వేస్తే కాసేపటికి ఆ చుక్కలు చెదిరిపోతాయి. వెలుగు పలచబడి గదంతా పరుచుకుంటుంది. నకళ్ళు తగ్గిపోతాయి. ఎన్నిసార్లు చూసినా ఆమెకి ఆ క్షణం మనసు చివుక్కుమనేది. ఆ కణాలు ఎప్పుడో పోయిన ఒక పరాయి దేశం ఆవిడవి, మనిషి పోయినా ల్యాబుల్లో అవి ఇంకా పెరుగుతూనే ఉన్నాయి.

ఆమె రాసిన ప్రతి వ్యాసంలోనూ మొదటి పేరాలో ఒక వాక్యం ఉండేది. ఈ ప్రోటీన్ తాలూకు జన్యువులో లోపముంటే పుట్టుచెవుడు రావచ్చు అని. ఆ పనిలో ఉన్నవాళ్ళందరూ రాసే వాక్యమే. పాతకాలం ఉత్తరాల్లో ఇక్కడ అందరం క్షేమం అని రాసేవాళ్ళే, అలాంటిది. రాసేటప్పుడు ఇంట్లో ఒక్కొక్కరినీ తలుచుకుని ఎవరు రాశారు? కళ్యాణి ఆ వాక్యాన్ని నాలుగు చోట్ల రాసింది. నాలుగుసార్లలో ఒక్కసారీ తమ్ముడు గుర్తుకు రాలేదు. వాడిది సూది వల్ల వచ్చిన చెవుడు కదా.

తిట్టుకోబోయే ముందు ఒక మాట వినండి. ఆమె గుడ్డిగా నమ్మలేదు. పీజీలో ఉండగా, ఆ రకం మందులు నిజంగా పసిపిల్లల చెవులు పాడుచేస్తాయా అని పుస్తకాలు తిరగేసింది. కొన్ని చేస్తాయని రాసి ఉంది. అంతటితో ఆ సంగతి కట్టేసి అటక మీద పెట్టేసింది. ముసలమ్మ చెప్పింది పచ్చి అబద్ధమైతే ఏనాడో పట్టుకునేది. జరగడానికి వీలున్న సంగతి కావడం వల్లే నెత్తి మీదికి వచ్చింది.

ఇక పెళ్ళి సంగతి. చిన్నమ్మి తమ్ముడు తాతబ్బాయి అల తరవాత కూడా వండూర్ వదల్లేదు. అతని కొడుకు గోపినాథ్‌ని చిన్నప్పటి నుంచీ కళ్యాణికే అనుకున్నారు. చదువు ఉందని ఆమె వద్దంది. అప్పుడు చెల్లెలు లహరి పేరు వచ్చింది. లహరికి బయటి సంబంధాలు కుదరడం లేదు. వచ్చినవాళ్ళు గణేష్‌ని చూసి, టీ తాగి, ఫోన్ చేస్తామని వెళ్ళిపోయేవాళ్ళు. నాలుగో సంబంధం కూడా అలాగే పోయాక తాతబ్బాయి తనంతట తనే వచ్చాడు.

"మా అక్క కూతురికి బయటోళ్ళ గుమ్మం సూడాల్సిన కర్మేటి? మా ఇంటికిచ్చెయ్యండి" అన్నాడు.

అది జాలి కాదు, ప్రేమే. చిన్నమ్మి తమ్ముడి చేతులు పట్టుకుని ఏడ్చింది.

బంగారురాజుకి మాత్రం ఒక గుంజాటన. దగ్గర సంబంధాలు మంచివి కావని టీవీలో ఎవరో చెబితే విన్నాడు. పెద్ద కూతురికి ఫోన్ చేశాడు.

"అమ్మా, నువ్వు సదివినదానివి, మాకేటి తెలుస్తది. నాదీ మేనరికమే, ఇప్పుడు దీనిదీ మేనరికమే. పరవాలేదా?"

కళ్యాణి మైక్రోస్కోపు గదిలో ఉంది. అప్పుడే మందు వేసింది. చుక్కలు చెదరడం మొదలవుతోంది. కన్ను తెర మీదే ఉంది.

"మన ఇంట్లో పుట్టుకతో ఎవరికీ ఏమీ లేదు కదా నాన్నా. తమ్ముడిది సూది వల్ల. పరవాలేదులే" అంది.

అర నిమిషం పట్టలేదు ఆ మాట అనడానికి.

పీహెచ్‌డీ అయింది గానీ మెయిన్‌ల్యాండ్‌లో ఉద్యోగం దొరకలేదు. కళ్యాణి తిరిగొచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో ఒక కాలేజీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పుకుంటూ అమ్మానాన్నల దగ్గరే ఉంటోంది. ఆ వచ్చిన ఏడాదే, గోపినాథ్‌ని చేసుకుని వండూర్‌లో కాపురముంటున్న లహరికి ఆడపిల్ల పుట్టింది. అందరూ అమ్మడు అని పిలుచుకున్నారు. పుట్టిన మూడోరోజు చేసిన చెవుల పరీక్షలో అమ్మడు తప్పింది. చెవిలో తడి ఉండి ఉంటుంది, నెలాగి రండి అన్నారు. నెలాగినా అంతే. మూడో నెలలో నిద్రపుచ్చి, తలకి వైర్లు పెట్టి చూసి, రెండు చెవులూ పనిచేయడం లేదని తేల్చారు. రక్తం తీసి చెన్నై పంపారు.

రిపోర్టు ఫోన్‌లోకి రాగానే లహరి అక్కకి పంపింది, పదిహేను పేజీలుంది, చదివి చెప్పు అని. కళ్యాణి స్టాఫ్‌రూములో కూచుని తెరిచింది. మూడో లైనులోనే ఉంది జన్యువు పేరు. మైయోసిన్ సిక్స్‌ది. రెండు కాపీల్లోనూ ఒకే చోట ఒకే మార్పు. అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి.

ఆరేళ్ళు కళ్ళు ఎర్రబడేలా చూసిన పేరు అది. భయం కంటే ముందు సిగ్గేసింది ఆమెకి, ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టు. క్లాసుకి బెల్లు కొట్టారు. ఆమె మళ్ళీ మూడో లైనుకే వెళ్ళింది.

ఇంట్లో ఎవరికీ చెప్పకుండా గణేష్‌ని తీసుకెళ్ళి రక్తం ఇప్పించింది. అమ్మడి కోసమని చేతులతో చెబితే వాడు నవ్వుతూ చెయ్యి చాపాడు. నెలన్నరకి వచ్చింది రిపోర్టు. అదే జన్యువు, అదే మార్పు, రెండు కాపీల్లోనూ.

సూది కాదు. ఎన్నడూ సూది కాదు. వాడు కడుపులో ఉండగానే చెవిటివాడు. ఒకే ఇంటి నుంచి రెండు దారుల్లో వచ్చింది ఆ లోపం. చిన్నమ్మికి తండ్రి నుంచి, బంగారురాజుకి తల్లి నుంచి వచ్చి ఉండాలి. బంగారురాజు తల్లి అంటే ముసలమ్మే. కోడల్ని ఆడిపోసుకున్న మనిషే సగం ఇచ్చింది, తనకి తెలియకుండానే. ఇప్పుడామె గోడ మీద ఫోటోలో ఉంది. వెళ్ళి ఎవరిని నిలదీయాలి?

ఆ సాయంత్రం వాన దంచికొడుతోంది. చిన్నమ్మి వెనక వరండాలో కత్తిపీట ముందు కూచుని చేప బాగుచేస్తోంది. కళ్యాణి పక్కన పీట వేసుకుంది.

"అమ్మా, తమ్ముడికి సూది వల్ల పోలేదు. పుట్టుకతోనే అంత. నువ్వు చేసిందేమీ లేదు."

ఇరవై ఏళ్ళ తరవాత ఈ మాట వింటే అమ్మ ఏడుస్తుందేమో, కావలించుకుంటుందేమో అనుకుంది. చిన్నమ్మి పొలుసు తీయడం ఆపలేదు.

"మరి లహరి గుంటకి?"

"ఇద్దరిదీ ఒకటే."

"అంటే మన రగతంలోదేనేటి?"

"మనదీ, మామయ్యదీ."

అప్పుడు ఆగింది చిన్నమ్మి చెయ్యి.

"సూదే నయమే," అంది. "సూదైతే నాతోటి పోయేది."

చిన్నమ్మే మళ్ళీ అందుకుంది. ఈసారి గొంతు తగ్గించి, బేరం ఆడుతున్నట్టు మాట్లాడింది.

"లహరికి సెప్పకు. దానికి ఏడో నెల్లో కామెర్లొస్తే నాను ఆకుపసరు పోసినాను కదా. దానివల్లేనని సెప్పు. నువ్వు సెప్తే నమ్ముతది. నా మీదెట్టెయ్. ఒకటి మోసినదాన్ని, రెండోది మోయలేనేటి?"

"అలా కుదరదమ్మా."

"ఏల కుదరదు? నువ్వు పరవాలేదన్నావనే కదే ఆ పెళ్ళి సేసింది. నీ మొకం సూస్తదా అది మల్లీ?"

ఉన్నమాట చెప్పుకోవాలి. కళ్యాణికి ఆశ పుట్టింది. రెండు రోజులు ఆ మాటే మనసులో తిప్పుకుంది. అబద్ధం తయారుగా ఉంది, దాన్ని మోసే మనిషీ తయారుగా ఉంది. పైగా మోస్తానని బతిమాలుతోంది. తను చేయవలసిందల్లా ఊరుకోవడం. ఊరుకునేదే కూడా, ఒక్కటి అడ్డం రాకపోతే. లహరి అత్త శ్రీలక్ష్మి కోడలి వెంటపడుతోంది, వెంటనే ఇంకొకర్ని కనెయ్యి, ఈసారి బాగుంటారు అని. పసరు వల్లే అనుకుంటే లహరి కంటుంది. పుట్టేవాళ్ళకి నాలుగింట ఒక పాలు మళ్ళీ ఇదే రావచ్చు. గణేష్ ఎందులోనూ తీసిపోయినవాడు కాదు. జెట్టీలో ఇంజన్లు బాగుచేస్తాడు, చెయ్యి ఆనించి చూసి జబ్బేమిటో చెప్పేస్తాడు. ఆ మాటకొస్తే అమ్మడు కూడా బంగారంలా బతకొచ్చు. కానీ తెలిసి కనడం వేరు, మోసపోయి కనడం వేరు. రెండోసారి కూడా పరవాలేదు అనడం ఆమెవల్ల కాలేదు.

ఆదివారం బస్సెక్కి వండూర్ వెళ్ళింది. గోపినాథ్ వేటకి పోయాడు. లహరి ఒక్కతే ముందు గదిలో అమ్మడిని ఒళ్ళో పెట్టుకుని ఉంది. కళ్యాణి కాళ్ళు కడుక్కోకుండానే మొదలెట్టింది, ఆగితే చెప్పలేనని. లోపం రెండిళ్ళలోనూ ఉందనీ, రెండూ అమ్మడిలో కలిశాయనీ చెప్పింది. చెవి లోపల వెంట్రుకల్లాంటి సన్నని కొసలుంటాయనీ, వాటి మొదళ్ళని పట్టి ఉంచే ప్రోటీన్ చెడిపోయిందనీ చెప్పింది. కేంద్రకంలో దాని పని తప్పడం వల్ల కూడా ఏమైనా జరుగుతోందా అన్నది ఇంకా ఎవరికీ తెలియదంది. ఏడాది నిండేలోపు చెన్నై తీసుకెళితే చెవిలో మిషను పెడతారనీ, పనికొస్తుందో లేదో వాళ్ళే చూసి చెబుతారనీ అంది.

లహరి పెద్దగా చదువుకోలేదు గానీ తెలివితక్కువది కాదు.

"ఆ ప్రోటీన్ పేరేంటన్నావ్?"

"మైయోసిన్ సిక్స్."

"నాన్న చెప్పుకు తిరిగేవాడే, నీ లంగరు. అదేనా?"

"అదే."

లహరి అమ్మడి చేతిని విప్పుతూ, మూస్తూ కూచుంది.

"అన్నేళ్ళు ఎవరి కణాలు చూశావక్కా?"

"ఎవరో పరాయి దేశం ఆవిడవి. చచ్చిపోయి చాలా ఏళ్ళయింది."

"సెలవులకి వచ్చినప్పుడల్లా తమ్ముడు నీ పక్క మంచం మీదే పడుకునేవాడు."

నాకు తెలియదు లహరీ అందామనుకుంది కళ్యాణి. అది నిజం కూడా. కానీ నాలుగుసార్లు తన చేత్తో రాసిన మనిషి తెలియదని ఎలా అంటుంది?

"నాన్న నీకు ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నా. స్పీకర్ ఆన్‌లో ఉంది," అంది లహరి. "మామ అడిగాడని ఒప్పుకోలేదు నేను. అమ్మ ఏడ్చిందని కూడా కాదు. నువ్వు పరవాలేదన్నావని ఒప్పుకున్నా."

అరవలేదు, ఏడవలేదు. అమ్మడిని భుజాన వేసుకుని లోపలికి వెళ్ళింది. కాసేపటికి లోపలి నుంచే, నాలుగున్నరకి బస్సుంది, ఎల్లిపో అక్కా అంది. ఇంకో బిడ్డ మాట ఇప్పట్లో ఎత్తొద్దని ఆ సాయంత్రమే అత్తతో చెప్పేసిందని తరవాత తెలిసింది. నిజం అంతమటుకు పనిచేసింది.

మిగతా పని జనం చూసుకున్నారు. పది రోజులు తిరిగేసరికి చుట్టాల్లో సూది మాట పాతబడింది. కొత్త మాట ఏమిటంటే, పెద్దదానికి మొదటి నుంచీ తెలుసట. హైదరాబాద్‌లో దాని మీదే చదివిందట. అందుకే గోపినాథ్‌ని తను చేసుకోకుండా తప్పించుకుని చెల్లెలికి అంటగట్టిందట. చూడటానికి ఎంత అతికినట్టుందో చూశారా? ఇది కూడా జరగడానికి వీలున్న సంగతే. ఎవరు కాదనగలరు? తాతబ్బాయి అక్కగారింటి గుమ్మం తొక్కడం మానేశాడు. బంగారురాజు జెట్టీలో లంగరు ఊసెత్తడం మానేశాడు.

మాఘంలో చుట్టాలింట్లో పెళ్ళి ఒకటి జరిగింది. కమ్యూనిటీ హాల్లో భోజనాలు. కళ్యాణి రానంటే చిన్నమ్మే చీర తీసిచ్చి తీసుకొచ్చింది. రెండు వరసల అవతల లహరి గణేష్ పక్కన కూచుని, వాడు చేతులతో చూపించే మాటలు నేర్చుకుని అమ్మడికి చూపిస్తోంది. అన్నం అన్నాడు వాడు, అన్నం అంది ఆమె. ఇటువైపు చూడలేదు. ఎదుటి వరసలో శ్రీలక్ష్మి తన పక్కనున్న ఎవరికో చెబుతోంది, చెప్పేది ఆవిడకే గానీ వినిపించాల్సింది హాలంతటికీ.

"అదుగో, ఆ నీలం సీర. సదువుకున్నది. అన్నీ తెలిసే సేసింది."

కళ్యాణి విస్తరి ముందు నుంచి లేవబోయింది. నాకు తెలియదని అందరి ముందూ ఒక్కసారి గట్టిగా చెప్పేయాలనిపించింది. చిన్నమ్మి ఆమె మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

"కూకో. ఎదురు సెప్పకు, సెప్తే ఇంకా ఎక్కువ అంటారు," అంది, కూతురి విస్తట్లో పప్పు వేస్తూ. "రెండు మూడేళ్ళు శానా కష్టంగా ఉంటది. ఆ తరవాత ఆల్లు అనడం మానరు గానీ, నీకే వినబడ్డం మానేస్తది. తిను."

కళ్యాణి కూచుని అన్నం కలుపుకుంది.